బండి నడపని వాళ్ల లెక్క కూడా వేయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆస్తుల పేజీలో వారం వారం వచ్చే ప్రకటనలు, వాటి పక్కనే నగరం వదిలి శివారు పట్టణాలకు వెళ్లమని సలహా ఇచ్చే వ్యాసాలు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో అద్దెలు భరించలేక సంగారెడ్డికో, షాద్‌నగర్‌కో, భువనగిరికో, వికారాబాద్‌కో మారదామా అని తర్జనభర్జన పడే కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. వాళ్లు వేసే లెక్క దాదాపు ఎప్పుడూ ఒక్కటే: అక్కడ గజం ఎంత, ఇక్కడ అద్దె ఎంత, ఆఫీసుకు కారులో ఎన్ని నిమిషాలు. ఈ మూడూ కారు నడిపే మనిషి లెక్కలు. పదో తరగతి చదివే పిల్ల, మోకాళ్ల నొప్పుల అత్తగారు, రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగి బస్సెక్కే ఇల్లాలు బండి నడపరు. మారడం కలిసొచ్చిందా లేదా అన్నది ఏడాది తిరిగేసరికి వాళ్ల దగ్గరే తేలుతుంది.

ఒక తేడా మొదటే చెప్పాలి. ఊరు వేరు, వెంచరు వేరు. సంగారెడ్డి అంటే బస్టాండు, కలెక్టరేటు, కూరగాయల మార్కెట్టు, నాలుగైదు మందుల షాపులు ఉన్న జిల్లా కేంద్రం. "సంగారెడ్డి దగ్గర" అంటే ఆ బస్టాండుకు ఎనిమిది కిలోమీటర్ల అవతల, పొలాల మధ్య కమాను కట్టి, రెండు వరుసల కొబ్బరి మొక్కలు నాటిన చోటు కావచ్చు. చిన్న పట్టణంలో ఉండే సుఖాలన్నీ మొదటి దానికే వర్తిస్తాయి. రెండో దాంట్లో పట్టణం సౌకర్యాలూ ఉండవు, పల్లె చేదోడూ ఉండదు. కొత్తిమీర కట్టకు కూడా బండి తీయాలి. నా మటుకు నేను బస్టాండుకో రైల్వే స్టేషనుకో కిలోమీటరున్నర లోపు ఉన్న పాత ఇంటిని, ఆరు కిలోమీటర్ల అవతలి కొత్త డ్యూప్లెక్సు కంటే మేలంటాను.

ఇక నిమిషాల సంగతి. "ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు 25 నిమిషాలు" అని ప్రకటన చెబితే, ఆ గడియారం ఎక్కడ మొదలైందో అడగాలి. చాలాసార్లు అది ఓఆర్ఆర్ (నగరం చుట్టూ ఉన్న ఔటర్ రింగు రోడ్డు) మీద ఒక టోలు గేటు దగ్గర మొదలై ఇంకో టోలు గేటు దగ్గర ఆగిపోతుంది. సంగారెడ్డి నుంచి బయల్దేరే మనిషి దారి నాలుగు ముక్కలు: ఇంటి నుంచి 65వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుంచి కంది, రుద్రారం, ఇస్నాపూర్ మీదుగా ముత్తంగి, ముత్తంగిలో ఓఆర్ఆర్ ఎక్కి నానక్‌రాంగూడ, దిగాక ఆఫీసు గేటు. మూడో ముక్క మాత్రమే ప్రకటనలో ఉంటుంది. కాలం తినేది రెండోది, నాలుగోది. ఇస్నాపూర్ చౌరస్తాలో పాశమైలారం ఫ్యాక్టరీల షిఫ్టు మారే వేళ, కార్మికుల బస్సులు, కంటైనర్లు, ఆటోలు అన్నీ ఒకేసారి రోడ్డెక్కుతాయి. ఒక లారీ ఆగిపోయిందంటే అరగంట అక్కడే. మియాపూర్, కూకట్‌పల్లి వైపు పనిచేసేవాళ్లకు ఓఆర్ఆర్‌తో పనే లేదు. పటాన్‌చెరు, రామచంద్రాపురం, బీరంగూడ కమాను, చందానగర్ అన్నీ దాటుకుంటూ పోవాల్సిందే. మియాపూర్ దాకా వస్తే మెట్రో దొరుకుతుంది నిజమే కానీ, అప్పటికి దారిలో పెద్ద భాగం అయిపోయి ఉంటుంది.

డబ్బు లెక్క కాగితం మీద పెట్టి చూద్దాం. ఒక వైపు 45 కిలోమీటర్లనుకుంటే రానూపోనూ 90. నెలకు 22 రోజులు ఆఫీసుకు పోతే 1,980 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే కారుకు 132 లీటర్లు. లీటరు 107 రూపాయలనుకుంటే 14,124 రూపాయలు. ఓఆర్ఆర్ టోలు కారుకు కిలోమీటరుకు ఇంచుమించు రెండున్నర రూపాయలు. ముత్తంగి, నానక్‌రాంగూడల మధ్య రోజుకు నూరు రూపాయల పైచిలుకు అవుతుంది. నూరే వేసుకున్నా నెలకు 2,200. మొత్తం 16 వేలు దాటింది. నగరంలో 28 వేలు అద్దె కట్టే కుటుంబం అక్కడ 12 వేలకు ఇల్లు తీసుకుందనుకోండి, మిగిలిన 16 వేలూ ఇంజనులో కాలిపోయినట్టే. టైర్లు, సర్వీసింగు ఇంకా కలపనే లేదు. అదే మనిషి నెలకు ఎనిమిది రోజులే ఆఫీసుకు పోతే 720 కిలోమీటర్లు, 48 లీటర్లు, టోలుతో కలిపి ఆరు వేల లోపు. అప్పుడు నెలకు పది వేలు నిజంగానే మిగులుతాయి. అంటే ఈ నిర్ణయంలో సగం మీ కంపెనీ ఆఫీసుకు ఎన్ని రోజులు రమ్మంటుందన్న దాని మీదే ఉంది. ఆ రోజులు కంపెనీ చేతిలో ఉంటాయి, ఇంటి కిస్తీ ఇరవై ఏళ్లు మీ నెత్తిన ఉంటుంది. ఇంటి నుంచి పని రద్దయితే ఏం చేస్తామన్నది బయానా ఇచ్చే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి.

టోలు విషయంలో చాలామంది పొరబడే ముచ్చట ఒకటుంది. 2025 ఆగస్టు 15న మూడు వేల రూపాయల ధరతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది, ఓఆర్ఆర్ మీద చెల్లదు. పైగా అది ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. భువనగిరిలో ఉండి రోజూ గూడూరు టోలుగేటు దాటి నగరానికి వచ్చేవాళ్లకు పోను ఒకటి, రాను ఒకటి లెక్కన నెలకు 44 ట్రిప్పులు. నాలుగున్నర నెలల్లో పాసు అయిపోతుంది. ఏడాదికి దాదాపు ఎనిమిది వేలు. అదే టోలుగేటుకు 20 కిలోమీటర్ల లోపు నివాసం ఉన్న సొంత వాహనాలకు స్థానిక నెల పాసు ఉంది, సుమారు 350 రూపాయలు. ఏడాదికి 4,200, ఎన్నిసార్లు తిరిగినా అంతే. దానికి ఆధార్ మీద, ఆర్సీ మీద అక్కడి చిరునామా ఉండాలి. అద్దెకుంటూ పాత చిరునామా మార్చుకోని వాళ్లు ఇక్కడే నష్టపోతారు. సంగారెడ్డి వాళ్లకు ఈ బాధ లేదు. కంకోల్ టోలుగేటు సదాశివపేట అవతల ఉంది కాబట్టి నగరానికి వచ్చే దారిలో తగలదు.

బండి నడపని వాళ్ల దారి బస్సు, రైలు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి ప్రయాణం ఉచితం. డీలక్సు, సూపర్ లగ్జరీల్లో లేదు. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు రోజూ నగరానికి వచ్చే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు, నెలకు కొన్ని వేలు మిగులుతాయి. కానీ ఉచిత బస్సులో సాయంత్రం ఆరింటికి కాలు పెట్టే చోటు దొరుకుతుందా అన్నది వేరే ప్రశ్న. పటాన్‌చెరు దాకా సిటీ బస్సులు, అక్కడి నుంచి ఇంకో బస్సు అని పథకం వేసుకునేవాళ్లు ఒక సోమవారం సాయంత్రం పటాన్‌చెరు స్టాపులో ముప్పావు గంట నిలబడి చూడాలి. ఎన్ని బస్సులు ఆగాయి, ఎన్ని ఆగకుండా పోయాయి, ఎన్నింటికి ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతున్నారు? తర్వాత అసలు పరీక్ష. రాత్రి తొమ్మిదింటికి ఆ ఊరి బస్టాండులో దిగి ఇంటిదాకా వెళ్లడానికి ఏముందో చూడాలి. షేర్ ఆటోలు ఎనిమిదిన్నర దాటాక పలచబడతాయి. మాట్లాడుకున్న ఆటో నాలుగు కిలోమీటర్లకు అడిగేది, నగరం నుంచి అక్కడిదాకా అయిన బస్సు టిక్కెట్టును మించిపోవచ్చు.

రైలు మాటకొస్తే భువనగిరి, షాద్‌నగర్, వికారాబాద్ మూడింటికీ స్టేషనుంది. సంగారెడ్డి పట్టణానికి లేదు, శంకర్‌పల్లికి పోవాలి. హైటెక్ సిటీ వైపు పనిచేసేవాళ్లు చాలామంది పట్టించుకోరు గానీ, వికారాబాద్, శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చే బండ్లలో లింగంపల్లిలో దిగితే ఎంఎంటీఎస్ (నగర లోకల్ రైలు) అందుకోవచ్చు, సికింద్రాబాద్ దాకా పోనక్కర్లేదు. తూర్పున ఎంఎంటీఎస్ ఘట్‌కేసర్ దాకానే వచ్చింది, భువనగిరికి మామూలు రైళ్లే దిక్కు. నెలవారీ సీజను టిక్కెట్టు 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు, బస్సు చార్జీతో పోలిస్తే చాలా చవక. అయితే సూపర్‌ఫాస్ట్ బండి ఎక్కాలంటే అదనపు రుసుము కట్టి ఉండాలి, రిజర్వేషను పెట్టెలో కూర్చోకూడదు. ఈ రెండూ తెలియక జరిమానా కట్టేవాళ్లు ఎక్కువ. ఇక రైళ్ల సంఖ్య కాదు, వేళలు చూడాలి. రోజుకు ఇరవై రైళ్లు పోయే స్టేషనులో సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య ఆగేవి రెండే ఉంటే మీకు ఉన్నవి ఆ రెండే.

ఇప్పుడు నీళ్లు. ఈ ఉత్తరంలో ఒక్క పేరా మాత్రమే చదివే ఓపిక ఉన్నవాళ్లు దీన్ని చదివితే చాలు. పాత జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ మహానగర పాలిక) పరిధిలో మీటరు పెట్టుకుని ఆధార్ అనుసంధానం చేసుకున్న ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఓఆర్ఆర్ దాటి ఆ పట్టణాలకు పోతే ఆ పథకం వెంట రాదు. అక్కడ పురపాలిక మిషన్ భగీరథ నీళ్లు ఇస్తుంది. అవి మంచి నీళ్లే, ఆ పట్టణాల పాత వీధుల్లో కుళాయి సరిగ్గానే వస్తుంది. ఊరి చివరి వెంచరు దాకా పైపు వచ్చిందా, వస్తే రోజు విడిచి రోజా, ఎంతసేపు అన్నది పక్కింటి వాళ్లను అడగాలి, అమ్మేవాళ్లను కాదు. మంజీరా నీళ్లు దశాబ్దాలుగా సంగారెడ్డి పక్క నుంచే హైదరాబాద్‌కు పోతున్నాయి. అంతమాత్రాన అక్కడి ప్రతి ప్లాటులో కుళాయి ఉందని అనుకోవద్దు.

కుళాయి లేని చోట బోరే ఆధారం. బోరును చూడాల్సింది మే నెలలో. డిసెంబరులో ఏ బోరైనా రాజబోరే. చూసే పద్ధతి సులువు. ఒక 20 లీటర్ల బకెట్టు, చేతిలో ఫోను చాలు. మోటారు వేసి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత పైపు కింద బకెట్టు పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు, గంటకు 1,800. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది పట్టణాలకు వేసే కొలమానం. ఐదుగురికి 675. అంటే రోజుకు అరగంట మోటారు నడిస్తే చాలు. కానీ అసలు సంగతి ఆ తర్వాత బయటపడుతుంది. మోటారు ఆపకుండా గంటసేపు నడవనివ్వండి. ధార సన్నబడి, మధ్యలో గుర్రుగుర్రుమని గాలి కొడితే ఊట చాలడం లేదని అర్థం. పావుగంటకే గాలి కొట్టే బోరు, చుట్టుపక్కల ఇంకో పది ఇళ్లు లేచి పది బోర్లు పడ్డాక ఎండిపోతుంది. అప్పుడు 5,000 లీటర్ల ట్యాంకరు అదే ఐదుగురికి వారం రోజులు వస్తుంది. నెలకు నాలుగు ట్యాంకర్ల ఖర్చును అద్దెలో కలుపుకుని చూడండి.

నీళ్లు ఉంటే చాలదు, ఎలాంటివో తెలియాలి. గాజు గ్లాసులో పట్టి తెల్లగా ఉన్నాయని మురిసిపోవద్దు, ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ ఉండవు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు, ఆపైన తాగకూడదు. నైట్రేటు 45 దాటకూడదు, దాటిందంటే దగ్గర్లో మురుగో ఎరువో నీళ్లలో కలుస్తోందని అనుమానించాలి. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్, నైట్రేటు పోవు, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడతాయి. భువనగిరి జిల్లాలో మూసీ వెంట ఉన్న బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ మండలాల గ్రామాల్లోనూ, పటాన్‌చెరు పారిశ్రామికవాడల కింద నక్కవాగు పరిసరాల్లోనూ భూగర్భ జలం మీద ఏళ్ల తరబడి ఫిర్యాదులున్నాయి. ఈ రెండు చోట్లా పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వడమంటే కళ్లు మూసుకుని నూతిలో దూకడమే.

నైట్రేటు మాట వచ్చింది కాబట్టి సెప్టిక్ ట్యాంకు గురించి. నగరంలో డ్రైనేజీ పైపుకు అలవాటు పడ్డవాళ్లు దీన్ని మర్చిపోతారు. ఈ పట్టణాల్లో కొత్త కాలనీలకు భూగర్భ డ్రైనేజీ ఉండడం తక్కువ, ఎవరి ట్యాంకు వారిదే. బోరుకు, సెప్టిక్ ట్యాంకుకు మధ్య కనీసం 15 మీటర్లు, అంటే 49 అడుగులు ఉండాలి. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోయే 150 గజాల ప్లాటు తీసుకోండి, అది 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. ఈ చివర బోరు, ఆ చివర ట్యాంకు పెట్టినా 49 అడుగులు రావు. మీది ఎలాగో దూరం జరిపినా, ప్రహరీకి అవతల పక్కింటివాళ్ల ట్యాంకు మీ బోరుకు ఐదడుగుల్లో ఉండొచ్చు. మేస్త్రీ అడుగున కాంక్రీటు వేయకుండా, ఎప్పటికీ నిండని ట్యాంకు కట్టిస్తానని చెబితే సంతోషపడకండి. నిండడం లేదంటే అది భూమిలోకి ఇంకి ఎవరి బోరులోకో చేరుతోందన్నమాట. అడుగు, గోడలు గట్టిగా ఉన్న ట్యాంకు నిండుతుంది, రెండు మూడేళ్లకోసారి బండి పిలిపించి తీయించాలి. ఆ బండి వచ్చేంత వెడల్పు వీధి ఉండాలి.

మేలో నీళ్లు చూసినట్టే, ఆగస్టులో వరద చూడాలి. మన కాగితాల్లో నాలా అనే మాట రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి వాననీళ్లు పారేది, రెండోది సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చుకున్న అనుమతి. అమ్మేవాడు రెండోది చూపిస్తాడు, మొదటిది దాస్తాడు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న కుంటకు 9 మీటర్లు ఖాళీ వదలాలి. వేసవిలో ఎండిన శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, చక్కటి మైదానంలా కనిపిస్తుంది. పక్కనున్న కరెంటు స్తంభాల మీద, పాత గోడల మీద నీళ్ల చారలున్నాయేమో చూడండి. తుమ్మచెట్లు ఏ ఎత్తు నుంచి మొదలయ్యాయో చూడండి, గొర్రెలు కాసేవాళ్లను అడగండి. చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక చెరువు హద్దు ఎంత పెద్ద మాటో నగరవాసులకు చెప్పనక్కర్లేదు.

నేల గురించి క్లుప్తంగా. తూర్పున భువనగిరి వైపు గ్రానైటు, బోరు వేయడానికి ఖర్చు, పునాదికి మాత్రం భయం లేదు. పడమట సదాశివపేట దాటి పోయే కొద్దీ నల్లరేగడి తగులుతుంది. అది వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. మామూలు ఎర్రమట్టికి వేసే పునాది అక్కడ వేస్తే మూడేళ్లలో కిటికీల మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు లేస్తాయి. కట్టిన ఇల్లు కొనేటప్పుడు కొత్త రంగు వేసి ఉంటే కిటికీ మూలలు చేత్తో తడిమి చూడండి. గాలి సంగతి: పాశమైలారం, బొల్లారం వైపు చలికాలపు రాత్రుల్లో, గాలి కదలనప్పుడు వాసన నేల మీదే నిలుస్తుంది. పాశమైలారంలో 2025 జూన్ 30న జరిగిన పేలుడు తర్వాత, ఫ్యాక్టరీకి ఇల్లు ఎంత దూరమన్న ప్రశ్న వాసనతోనే ఆగదని అందరికీ తెలిసింది.

కాగితాల విషయం మీ పత్రికలో చాలామంది రాశారు, నేను రెండు మూడు చోట్లే ఆగుతాను. హెచ్‌ఎండీఏ లేదా డీటీసీపీ (లేఅవుట్లకు అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థలు) లేఅవుటుకు తాత్కాలిక అనుమతి వేరు, తుది అనుమతి వేరు. రోడ్లు, కాలువలు, కరెంటు పూర్తి చేసేదాకా 15 శాతం ప్లాట్లు ఆ సంస్థకే తనఖాలో ఉంటాయి. తనఖాలో ఉన్న ప్లాటును తక్కువ ధరకు అంటగట్టడం పాత ఎత్తు. మీ ప్లాటు నంబరు ఆ జాబితాలో లేదని చూసుకోండి. గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాటుకు లేఅవుటు ఉండదు, కాబట్టి ఇంటి అనుమతీ బ్యాంకు రుణమూ దొరకవు. 121 గజాలు ఒక గుంట అని లెక్క కట్టి చవకని మోసపోవద్దు. మూడోది, ప్రాంతీయ వలయ రహదారి. సంగారెడ్డి, తూప్రాన్, భువనగిరి, చౌటుప్పల్, షాద్‌నగర్, చేవెళ్ల చుట్టూ దాని పేరు చెప్పి ధరలు పెంచారు. దాని పక్కనున్న భూమికి విలువ, దాని కింద పోయే భూమికి పరిహారం. సర్వే నంబరును గెజిట్ నోటిఫికేషనులో వెతికి చూడాలి. ఆపైన రిజిస్ట్రేషను ఖర్చు ఏడున్నర శాతం, 50 లక్షలకు మూడు లక్షల డెబ్బై ఐదు వేలు. ఇది బ్యాంకు అప్పులో రాదు, చేతిలో ఉండాలి.

పిల్లల చదువులో ఫీజులు, బస్సు దూరం అందరూ చూస్తారు. ఎవరూ చూడనిది స్థానికత. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి దాకా కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు స్థానికులు. జిల్లా స్థాయి ప్రభుత్వ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. మియాపూర్ రంగారెడ్డి జిల్లా. అక్కడ మూడో తరగతి పూర్తి చేసిన పిల్లను సంగారెడ్డికి మారిస్తే నాలుగు నుంచి ఏడు దాకా నాలుగేళ్లు సంగారెడ్డిలో పడతాయి, ఆ పిల్ల సంగారెడ్డి స్థానికురాలవుతుంది. ఒక్క ఏడాది ఆగి, నాలుగో తరగతి అయ్యాక మారిస్తే రంగారెడ్డి స్థానికురాలిగానే ఉంటుంది. ఏది మంచిదన్నది కుటుంబం ఇష్టం. తెలియకుండా జరగకూడదు, అంతే. ప్రతి బడిలోనూ అక్కడ చదివినట్టు బోనఫైడ్ సర్టిఫికెట్టు తీసి దాచండి, పదేళ్ల తర్వాత మూతబడ్డ ప్రైవేటు బడి కోసం వెతకడం నరకం. తొమ్మిది, పది చదివే పిల్లలున్నవాళ్లు మాత్రం రెండేళ్లు ఆగడమే మేలు.

ఆసుపత్రుల విషయంలో ఈ పట్టణాలు మునుపటిలా లేవు. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది, భువనగిరి వాళ్లకు పక్కనే. సంగారెడ్డిలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. జ్వరానికి, కాన్పుకు, ఎముక విరిగితే నగరానికి పరుగెత్తక్కర్లేదు. ప్రశ్నంతా రాత్రి రెండింటిది. పక్షవాతం వస్తే రక్తపు గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు పడాలి, దానికి ముందు సీటీ స్కాను తీయాలి. ఇంట్లో బీపీ, షుగరు ఉన్న పెద్దలుంటే, ఆ ఊళ్లో అర్ధరాత్రి సీటీ స్కాను తీసే చోటు ఏది, అక్కడ ఆ వేళ డాక్టరుంటారా అని ముందే అడిగి గోడ మీద రాసిపెట్టుకోండి. వారానికి మూడుసార్లు డయాలసిస్ అవసరమైన మనిషిని, ఆ ఊళ్లోనే యంత్రం దొరకకపోతే, అక్కడికి తీసుకుపోకండి.

ఇంత చెప్పి, పోవద్దనే అంటున్నానని అనుకోవద్దు. పెద్దవాళ్లకు ఆ పట్టణాల్లో దొరికే సుఖం హైదరాబాద్‌లో కొందామన్నా దొరకదు. గడప దాటితే నడిచిపోగల గుడి, బ్యాంకు, పోస్టాఫీసు. పొద్దున్నే పొలం నుంచి నేరుగా వచ్చే ఆకుకూర. మీసేవకో తహసీల్దారు దగ్గరికో పోతే పూటలో తిరిగొచ్చే పని. పింఛను మీద బతికే దంపతులకు, ఇంటి నుంచే పనిచేసుకునేవాళ్లకు, ఆ జిల్లాలోనే ఉద్యోగం ఉన్న టీచర్లకు, ఐఐటీ ఉన్న కంది చుట్టూ పనిచేసేవాళ్లకు నేను నిస్సందేహంగా వెళ్లమంటాను. ప్రభుత్వోద్యోగులకు ఒక మాట: ఇంటి అద్దె భత్యం పనిచేసే చోటును బట్టే గానీ నివాసాన్ని బట్టి కాదు. నగరంలో ఆఫీసు ఉన్నంతకాలం భత్యం తగ్గదు, జిల్లాకు బదిలీ అడిగితే తగ్గుతుంది. భార్యాభర్తలిద్దరూ నగరంలో వేర్వేరు మూలల్లో రోజూ పనిచేసే ఇంటికి, ఇంటర్ పిల్లలున్న ఇంటికి మాత్రం వద్దంటాను. గజం ఎంత చవకైనా సరే.

మధ్యలో ఊగిసలాడేవాళ్లు కొనకుండా ముందు అద్దెకు వెళ్లాలి. మార్చి చివర్లో పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే మే ఎండ, ఆగస్టు వాన, డిసెంబరు చలి మూడూ చూసినట్టవుతుంది. వెళ్లాక గ్యాసు కనెక్షను, రేషను, ఓటు వెంటనే మార్చుకోవాలి. ఓటుకు ఫారం 8 చాలు, కొత్తగా నమోదు చేసుకోనక్కర్లేదు. నగరంలో సొంత ఫ్లాటు ఉంటే ఆ ఏడాది అమ్మకండి, అద్దెకివ్వండి. శివారులో కొన్నది అమ్మాలంటే కొనేవాడి కోసం నెలల తరబడి చూడాలి, నగరంలో అమ్మింది మళ్లీ అదే ధరకు కొనలేరు.

చివరగా మీ పత్రికకు ఒక మనవి. ఆస్తుల పేజీలో ప్రకటన ఇచ్చేవాళ్లను "ఇన్ని నిమిషాలు" అన్న చోట నాలుగు అంకెలు ఇమ్మని అడగండి. ప్లాటు నుంచి దగ్గరి బస్టాండుకు ఎన్ని కిలోమీటర్లు, నగరం నుంచి ఆ ఊరికి చివరి బస్సు ఎన్నింటికి, కుళాయి నీళ్లు వారానికి ఎన్ని రోజులు, మే నెలలో బోరు కింద 20 లీటర్ల బకెట్టు ఎన్ని సెకన్లలో నిండింది. ఇవ్వలేని వాళ్ల ప్రకటన కింద ఆ నాలుగు గడులూ ఖాళీగా వదిలి అచ్చేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పురపాలక ఇంజినీరు,
చందానగర్, హైదరాబాద్